చక్కెర కపాలములు

మెక్సికో దేశమునందలి తొలూకా నగరము నడిబొడ్డున, కమానులతో బారులు తీరిన పాతకాలపు వసారాలలో, ఏటేట అక్టోబరు మాసమున మొదలై నవంబరు తొలినాళ్ల వరకు సాగెడి సంత యొకటి కలదు. అక్కడ అమ్మునవి పుర్రెలు. తెల్లని పంచదారతో పోతపోసి, కనుగుంటలలో తళుకుకాగితపు బిళ్లలు అతికించి, నొసటిమీదను చెక్కిళ్లమీదను గులాబి, పసుపు, నీలి రంగుల తీగెలు అల్లి, బల్లలపై మెట్లు మెట్లుగా పేర్చిన ఆ కపాలములను తొలిసారి కనుగొన్న పరదేశికి ఒడలు జలదరించుట సహజము. తల్లి చేయి పట్టుకొని వచ్చిన నాలుగేండ్ల పసిబిడ్డ మాత్రము భయపడదు సరిగదా, తన పేరు వ్రాసిన పుర్రె ఎక్కడ నున్నదాయని వరుసలన్నియు వెదకును. కనబడినంతనే కొనిపెట్టుమని మారాము చేయును. ఈ వింత మిఠాయిని పనివారు ఎట్లు చేయుదురో, పిల్లలచేత ఎట్లు చేయింపవచ్చునో, చేయించుట ఏల మేలని నేను తలతునో చెప్పుటకే ఈ వ్యాసము.

ఈ కళకు ఆ దేశమున ‘ఆల్ఫెన్యికె’ యని పేరు. వినుటకు పరాయి మాటవలె నున్నను దీని పుట్టిల్లు మనదే. చెరకురసమును కాచి చిక్కబరచిన పాకమును సంస్కృతమున ఫాణిత మందురు. కౌటిల్యుని అర్థశాస్త్రము ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర యని వరుసగ నెన్నిన తీపివస్తువులలో మొదటిది అదియే. ఆ ఫాణితము పారసీకుల నోట ‘పానీద్’ అయి, అరబ్బుల నోట ‘అల్ ఫానీద్’ అయి, వారేలిన కాలమున స్పెయిను దేశపు వంటిండ్లలో చొచ్చి, తుదకు సముద్రము దాటి ‘ఆల్ఫెన్యికె’ యైనది. మాట వెంట చెరకుగడయు నడచినది. 1493లో కొలంబసు తన రెండవ యాత్రలో దానిని కరీబియను దీవులకు కొనిపోయెను. 1521లో అజ్టెక్కుల రాజధాని కూలిన పిదప స్పెయిను సేనాని కోర్తెసు దానిని మెక్సికో నేలపై నాటించెను. ఇందులకు బదులా యనునట్లు మెక్సికో మనకిచ్చినది బంతిపూవు. మనము గొబ్బెమ్మల నెత్తిన ఉంచు బంతి, బతుకమ్మ వరుసలలో పేర్చు బంతి, గుమ్మమున తోరణము కట్టు బంతి పుట్టినది ఆ దేశముననే. అక్కడ దానిపేరు ‘సెంపసూచిల్’, అది మృతుల పండుగ పూవు. చక్కెర ఇటనుండి పోయి అక్కడ పుర్రె యైనది, బంతి అటనుండి వచ్చి ఇక్కడ మంగళతోరణమైనది. ఈ ఇచ్చిపుచ్చుకొనుటను తలచినపుడెల్ల నాకు ఆ దేశము దూరదేశమని తోపదు.

నవంబరు 1, 2 తేదీలు ఆ పండుగ దినములు. మొదటిది పసితనముననే గతించిన బిడ్డలకు, రెండవది పెద్దలకు. ఇంటిలో బల్లపై వారి ఛాయాచిత్రములు నిలిపి, కొవ్వొత్తులు వెలిగించి, కోపాల్ అను చెట్టుబంకతో ధూపము వేసి, గతించినవారు బ్రతికియుండగా ప్రీతితో తిన్న వంటకములును, పైన ఎముకలవలె పిండి నతికి కాల్చిన గుండ్రని రొట్టెయు, దూరమునుండి వచ్చిన బడలిక తీరుటకు నీరును, వీని నడుమ చక్కెర పుర్రెలను అమర్తురు. త్రోవ తప్పకుండుటకై వాకిటినుండి బల్లవరకు బంతిరేకులు చల్లుదురు. పెత్తరమాస నాడు పెద్దల పేర బియ్యమిచ్చి, వారికి ఇష్టమైన కూర వండి విస్తరిలో వడ్డించు ఇంటివారికి ఈ పండుగ భావమును వేరుగ వివరింప నక్కరలేదు. వచ్చువారు చుట్టములు, వారికై చేసినది విందు. 2008లో యునెస్కో వారు ఈ ఆచారమును మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చిరి.

ఈ పండుగకు ముందుదినమే, అక్టోబరు 31న, ఉత్తర అమెరికాలో హాలోవీను జరుగును. మన పిల్లలు అనేకులు అక్కడ పెరుగుచున్నారు గనుక ఆ దినపు దయ్యపు ముసుగులు, సాలెపురుగు బిస్కత్తులు, ద్రాక్షపండ్లతో చేసిన కనుగ్రుడ్లు మనకును పరిచితములైనవి. అవి బాలురకు ఉల్లాసము కలిగించుననుటలో సందేహము లేదు. ఐనను అక్కడ భయము ఒక పూట ఆట. తెల్లవారగనే ముసుగు అటకెక్కును. చక్కెర పుర్రె అట్లు గాక ఒక మనుష్యునికి చెందియుండును. దాని నొసట పేరుండును. అది గతించిన తాతగారి పేరైనను కావచ్చును, చెంగుచెంగున గంతులిడు స్నేహితుని పేరైనను కావచ్చును. బ్రతికియున్న చెలికాని పేరు వ్రాసి ఆ పుర్రెను వానికే కానుకగ నిచ్చుట మెక్సికోలో స్నేహలక్షణము. పిల్లలతో చేయదగిన వేడుక పనులలో దీనికే నేను పెద్దపీట వేయుదును.

చక్కెర రాకమునుపు మెక్సికో దేశీయులు తోటకూర జాతి గింజల పిండితో దేవతామూర్తులు చేసి పూజానంతరము పంచుకొని తినెడివారు. స్పెయిను మతబోధకులు దానిని నిషేధించిరి. నేడును ఆ గింజలను పేల్చి, తేనెతో ముద్దచేసి అదిమిన పుర్రెలు చక్కెర పుర్రెల ప్రక్కనే అమ్ముడుపోవును. ఇక పుర్రెకు నవ్వును పూలటోపీని పెట్టి ఇంటింట పరిచయము చేసినవాడు పోసాద (1852–1913) అను చిత్రకారుడు. పూలటోపీ పెట్టిన ఆ పుర్రెను ఎముకల దొరసానిగ జేసి, నిండు ఉడుపులు తొడిగి 1947లో పెద్ద కుడ్యచిత్రము నడుమ నిలిపినవాడు దియేగో రివేరా.

పనివారిది పోతపద్ధతి. రాగి కడాయిలో పంచదారయు నీరును మరిగించి, పలుకులుగా గడ్డకట్టకుండ కొంత నిమ్మరసము పిండి, పాకము ముదిరిన పిదప పొయ్యి దించి కొయ్యతెడ్డుతో కడాయి అంచున రుద్దుచు కలుపగా, అంతవరకు అద్దమువలె నున్న పాకము పాలవలె తెల్లబారును. మట్టిమూసలను ముందుగనే నీట నానవేసి యుంతురు. మూస రెండు చెక్కలు; ముఖ మొకదాన, తల వెనుకభాగ మొకదాన. రెంటిని జతచేసి బిగించి నిండ పాకము పోయుదురు. చల్లని గోడ నంటిన పాకము ముందు గడ్డకట్టును, నడిమిది ఇంకను జారుడుగ నుండును. ఆ యదను గుర్తించుటయే విద్య యంతయు. తొందరపడినచో పెంకు పలుచనై మూస విప్పగనే చితుకును. ఆలసించినచో లోపలంతయు బిగిసి పుర్రె ఇటుకరాయి యగును. సరియైన క్షణమున మూసను తలక్రిందు చేయగా నడిమి పాకము మరల కడాయిలోనికి జారి, బోలుగా, తేలికగా, వ్రేలితో మీటిన మ్రోగునట్టి పెంకు మిగులును.

ఇది చదువుచుండగనే తెలుగువారికి పంచదార చిలకలు జ్ఞప్తికి రాకమానవు. జతచేసిన కొయ్య అచ్చులలో పాకము పోసి, చల్లారినంతనే విప్పి, పెండ్లి సారెలో పెట్టు ఆ చిలకలును, తెలంగాణమున హోలీ నాడు పిల్లల మెడలో వేయు చక్కెర పేర్లును ఈ పుర్రెకు దాయాదులే. సిసిలీ ద్వీపమున పలెర్మో నగరములోను నవంబరు 2వ తేదీకి బోలు చక్కెర బొమ్మలు పోసి, గతించిన పెద్దలు పంపిరని చెప్పి పిల్లలకు ఇత్తురు. పోతగాక చేతిపని మరియొకటి మెక్సికోలో కలదు: మెత్తని చక్కెరపొడిలో గ్రుడ్డు తెల్లసొన, నిమ్మరసము, ఒక జాతి మొక్క దుంపనుండి తీసిన బంక కలిపి, చపాతిపిండివలె మర్దించి, గొఱ్ఱెపిల్లలు, పండ్లబుట్టలు, చిన్న శవపేటికలు వ్రేళ్లతో మలతురు.

మరిగెడి పాకమును పిల్లల దరికి రానీయరాదు. అది మరిగెడి నీటికంటె వేడి గలది, చర్మమున కంటుకొని వదలదు. కావున ఇండ్లలోను బడులలోను పొయ్యి లేని పద్ధతి నవలంబింతురు. నేను చెప్పునదియు అదియే. ఒక కప్పు పంచదారకు ఒక చిన్న చెంచా మెరింగు పొడి, ఒక చిన్న చెంచా నీరు. మెరింగు పొడి యనగా తెల్లసొన నెండబెట్టి చేసిన పొడి. బేకరీ సామానుల అంగళ్లలో దొరకును. మన పంచదార పలుకు పెద్దది గనుక మిక్సీలో ఒక్క తిప్పు తిప్పుట మేలు, పిండి కానీయరాదు. మెరింగు పొడిని ముందు పంచదారలో కలిపి, నీటిని పైన చిలుకరించి, గిన్నెలో చేతులు పెట్టి కలుపుటకు పిల్లలను వదలవలెను. ఐదేండ్ల బిడ్డ గుప్పెడు తీసి బిగించి పిడికిలి విప్పినపుడు, ముద్ద విడిపోక, దానిమీద నాలుగు వ్రేళ్ల గుర్తులు స్పష్టముగ నిలిచినచో పదును కుదిరినట్లు. రాలిపోయినచో మరి నాలుగు చుక్కల నీరు. చేతికి జిగురుగ అంటినచో మరికొంత పంచదార. గోదావరి యొడ్డున గూళ్లు కట్టిన పిల్లలకు ఈ తడియిసుక పదును ఎవరును నేర్పనక్కరలేదు.

అచ్చులో అదుముటయందు ఒక మెలకువ కలదు. ముందు ముక్కు, కనుగుంటలు, పండ్ల వరుస ఉన్న చోట్ల బొటనవ్రేలితో గట్టిగ నొక్కి, పిదప తక్కిన భాగము నింపవలెను. లేనిచో బోర్లించినపుడు ముక్కు అచ్చులోనే నిలిచిపోవును. అంచు సమముగ గీచి, పైన అట్టముక్క పెట్టి, ఒక్క ఊపున బోర్లించి, అచ్చును నిదానముగ పైకెత్తవలెను. విరిగినచో దుఃఖింప బనిలేదు, గిన్నెలో పోసి మరల అదుమవచ్చును. ఇట్లు మరల మరల చేయనిచ్చు పని గనుకనే ఇది పిల్లలకు తగినది. అచ్చు లేనివారు గుండ్రని గరిటెలో అదిమి బోర్లించి, చిటికెనవ్రేలితో రెండు గుంటలు నొక్కినను పుర్రె పుర్రెయే.

ఒక రాత్రి ఆరనీయవలెను. పెద్ద పుర్రెలను ఐదారు గంటలయిన పిదప చేతిలోనికి తీసికొని, వెనుకనున్న మెత్తని పంచదారను చెంచాతో తోడివేసినచో లోపలకూడ ఆరును. వానదినమున ఈ పనికి పూనుకొనరాదు. చక్కెర గాలిలోని తేమను పీల్చి చెమర్చును. మన కోస్తాలో అక్టోబరు, నవంబరు నెలలు వానకారు గనుక అక్కడివారు సంక్రాంతి సెలవులకు పెట్టుకొనుట మంచిది. చీమల బెడద లేకుండ పళ్లెమును నీళ్లు పోసిన తాంబాళమున ఒక గిన్నె బోర్లించి దానిపై ఉంచవలెను.

అలంకారమునకు ఐసింగు. 450 గ్రాముల మెత్తని చక్కెరపొడి, పావుకప్పు మెరింగు పొడి, కప్పులో మూడవవంతు నీరు కలిపి, గరిటె ఎత్తిన మొన నిలుచునంత చిక్కగ గిలకొట్టి, రంగులు వేరువేరుగ కలిపి, ప్లాస్టిక్ సంచులలో నింపి, మూల కొద్దిగ కత్తిరింపవలెను. పచ్చి తెల్లసొన వాడుటకంటె పొడి వాడుటే పసివారి ఆరోగ్యమునకు క్షేమము. తళుకుకాగితము, పూసలు అతికిన పుర్రె బల్లపై నిలుపుటకే; నోట పెట్టునది ఐసింగుతో మాత్రమే దిద్దవలెను. ఈ రెంటిని మొదటనే వేరుచేసి పిల్లలకు చెప్పుడు. కన్నులచుట్టు రేకులు, గడ్డముపై సాలెగూడు, నుదుట పువ్వు అనునవి ఆ దేశపు వాడుక గుర్తులు. ఐనను పిల్లవాడు తన పుర్రెకు మీసములు పెట్టదలచినచో పెట్టనిండు.

మన యిండ్లలో చావు సంభవించినపుడు పిల్లలను పొరుగింటికి పంపుదుము. వారు మరలి వచ్చుసరికి తాతగారి మంచము ఉండదు, దానిని గూర్చి ఎవరును మాటాడరు. దయతో చేసిన పనియే యైనను బిడ్డ మనసులో ఆ మౌనము భయమై కూర్చుండును. చేతులు పనిలో నున్నపుడు, చూపు ఎదుటివారి ముఖముమీద గాక ఐసింగు తీగెమీద నున్నపుడు, పిల్లలు ఆ ప్రశ్నలు వారంతట వారే అడుగుదురు: తాతయ్యకు ఏ తీపి ఇష్టము, ఆయన పలుచగ నవ్వెడివాడా గట్టిగ నవ్వెడివాడా, నేను ఆయనను చూచితినా. జవాబు చెప్పు పెద్దవారికిని చేతిలో పని యుండుటచేత గొంతు తడబడదు. ఈ ప్రయోజనము నా దృష్టిలో తక్కిన వేడుక కంతకును మించినది.

కావున దిద్దుటకు కూర్చున్నపుడు నొసటిని ఖాళీగ వదలుడు. పేరు వ్రాయుట చివరి పని; ఎవరి పేరు వ్రాయవలెనో బిడ్డనే అడుగుడు, తెలుగులోనే వ్రాయనిండు, అక్షరము వంకర పోయినను చేయి పట్టి దిద్దింపకుడు. ఐసింగు ఆరుటకు ఇంకొక రాత్రి పట్టును.