జిల్లా చరిత్రల్లో ఏలూరు సీమ: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఏలూరు ప్రాంత చరిత్ర చదవదలచిన విద్యార్థికి మొదట ఎదురయ్యే చిక్కు ఏ జిల్లా పుస్తకం తెరవాలన్నదే. హెన్రీ మోరిస్ గోదావరి జిల్లాపై గ్రంథం ప్రచురించిన 1878లో ఏలూరు ఆ జిల్లాలోనే ఉంది. గోర్డన్ మెకంజీ కృష్ణా జిల్లా మాన్యువల్ 1883లో వచ్చింది. 1904లో గోదావరికి పడమటి తాలూకాలను కృష్ణా జిల్లాలో కలిపారు. కాబట్టి 1907 నాటి హెమింగ్వే గోదావరి గెజిటీర్ పరిధిలో ఏలూరు లేదు. మెకంజీ మాన్యువల్‌లో అప్పటికింకా చేరలేదు. మోరిస్ తరువాత ఈ సీమ రెండు పుస్తకాల నడుమ జారిపోయింది. సరిహద్దు ప్రాంతాలకు తరచు పట్టే గతి ఇదే.

ఈ గ్రంథాలను తీసిపారేయమని నేను చెప్పను. వాటిలోని సమాచారం మరెక్కడా అంత ఒద్దికగా దొరకదు. కాని అవి ఎవరి అవసరం కోసం పుట్టాయో గమనించాలి. సలాబత్ జంగ్ 1753లో ఏలూరుతో సహా సర్కారులను బుస్సీకి ఇవ్వడం, 1765లో షా ఆలం ఫర్మానా, మరుసటి ఏడు నిజాంతో ఒడంబడిక: ఇవన్నీ శిస్తు వసూలు హక్కు చేతులు మారిన కథలు. పొలం దున్నినవాడు, వల వేసినవాడు ఆ కథలో లెక్కల పట్టికగానే కనిపిస్తాడు.

నీటిని జిల్లా చట్రంలో బిగించడం ఇంకా పెద్ద లోపం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. ఆ రెండు నదుల కాలువలు కలిసేది ఏలూరులో. బుడమేరు, తమ్మిలేరు కొల్లేటిలో పడతాయి. రెండు డెల్టాల మురుగూ అక్కడికే చేరుతుంది. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. చాలాకాలం ఈ సరస్సు రెండు జిల్లాల లెక్కల్లో సగం సగంగా ఉండిపోయింది. 2022లో కైకలూరు వైపు ప్రాంతం ఏలూరు జిల్లాకు వచ్చింది, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో మిగిలింది. నీటికి ఈ గీతలతో పనిలేదు.

నేటి రచనల్లో మరో గీత వచ్చి చేరింది. 1999లో అయిదో కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఈ ఘట్టాన్ని చాలామంది 'ఆక్రమణల తొలగింపు' అన్న ఒక్క మాటతో ముగిస్తారు. ఆ మాట కింద వేర్వేరు మనుషులున్నారు: తరతరాలుగా లంక గ్రామాల్లో ఉంటూ వేటమీద బతికే వడ్డీలు, వేసవిలో నీరు తీసినచోట వరి వేసుకున్నవారు, సొసైటీల పేరు చాటున వందల ఎకరాలు తవ్వించిన బయటి పెట్టుబడిదారులు. గట్టు తెగినప్పుడు ముగ్గురికీ ఒకే నష్టం కాలేదు. పెట్టుబడిదారు మరోచోట చెరువు తవ్వుకోగలడు. లంకవాసికి మరో కొల్లేరు లేదు.

కొల్లేరుపై వ్యాసం రాసేటప్పుడు విద్యార్థులు 'ఆక్రమణదారు' అనే పదం వాడేముందు ఈ ముగ్గురిలో ఎవరి గురించి రాస్తున్నారో స్పష్టం చేయాలి.