జ్ఞాపకానికి వేసిన ముడి

సంఖ్యాకాండం 15వ అధ్యాయంలో తెలుగు బైబిలు ‘కుచ్చులు’ అని చెప్పినవాటినే యూదులు త్సిత్సిత్ అంటారు. నాలుగు మూలలున్న వస్త్రానికి మూలకొక కుచ్చు ఉండాలి. కంట పడినప్పుడల్లా అది దైవాజ్ఞలను గుర్తు చేయాలి. ఇంత పెద్ద బాధ్యత మోసే దారాన్ని ఎంత శ్రద్ధగా తయారు చేస్తారో చూస్తే చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆ శ్రద్ధ వడకడంతోనే మొదలవుతుంది. ఇది త్సిత్సిత్ కోసమేనని నోటితో అనుకుని మరీ ఉన్ని వడుకుతారు. వేరే పనికి వడికిన దారం ఎంత మేలైనదైనా ఇక్కడ చెల్లదు.

ప్రార్థనలో కప్పుకునే శాలువా పేరు తల్లిత్. దాని ప్రతి మూలా, అంచుకు మరీ దగ్గర కాకుండా, మూడు బొటనవేళ్ల వెడల్పు దాటకుండా ఒక రంధ్రం ఉంటుంది. అందులో నాలుగు దారాలు దూర్చి మడిస్తే ఎనిమిది పోగులవుతాయి. వాటిలో పొడవైన దారం షమాష్, అంటే సేవకుడు. జంట ముడి వేశాక, మిగతా ఏడు పోగుల చుట్టూ తిరిగేది అదే. మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో ప్రసిద్ధమైన పద్ధతిలో వరసగా 7, 8, 11, 13 చుట్లు. ప్రతి వరస తర్వాతా ఒక ముడి. మొత్తం 5 ముడులు, 39 చుట్లు. హీబ్రూ అక్షరాలకు అంకెల విలువలున్నాయి. దేవుని నామానికి 26, ‘ఒక్కడే’ అనే మాటకు 13, కలిపితే 39. త్సిత్సిత్ అనే పదానికి 600; దానికి 8 పోగులు, 5 ముడులు చేరిస్తే 613. యూదుల ధర్మగ్రంథమైన తోరాలోని ఆజ్ఞలు అన్నే.

కొలతలోనూ అందం ఉంది. చుట్టి బిగించిన భాగం ఒక వంతు, విడిగా వేలాడేది రెండు వంతులు ఉంటే సలక్షణమైన కుచ్చు.

గ్రంథం కోరిన నీలిపోగు రంగు వెయ్యేళ్లకు పైగా మరుగున పడిపోయింది. 1980లలో ఇజ్రాయెల్‌లో రసాయన శాస్త్రవేత్త ఒట్టో ఎల్స్నర్ మ్యూరెక్స్ అనే సముద్రపు నత్త రంగును పరిశీలించారు. ఊదా రంగునిచ్చే ఆ ద్రావణానికి అద్దకం సమయంలో ఎండ తగిలితే నీలం వస్తుందని తేల్చారు. కొందరు ఇప్పుడు ఆ నీలం వాడుతున్నారు. చాలామందివి ఇప్పటికీ తెల్లని కుచ్చులే.

ఉదయం తల్లిత్ కప్పుకునే ముందు పోగులు తెగాయేమో చూసుకుని, చిక్కులు విడదీస్తారు. షెమా ప్రార్థనలో కుచ్చుల మాట వచ్చినప్పుడు వాటిని ముద్దు పెట్టుకుంటారు. చాలాచోట్ల మరణించిన పురుషుణ్ని తన తల్లిత్‌లోనే చుట్టి సమాధి చేస్తారు. దానికి ముందు ఒక కుచ్చును తీసేస్తారు. ఆజ్ఞలు గుర్తుంచుకోవాల్సింది బతికున్నవాళ్లే.