వివాహ విమర్శ – వివాహ హక్కు

అభ్యుదయ సాహిత్యానికి పెళ్లి కొత్త వస్తువు కాదు. 1892లో రంగస్థలమెక్కిన 'కన్యాశుల్కం' మొదలు నేటి స్త్రీవాద కథ దాకా, పెళ్లి వెనక దాగిన డబ్బునూ కులాన్నీ పురుషాధిపత్యాన్నీ మన రచయితలు బట్టబయలు చేస్తూనే వచ్చారు. ఆ సంప్రదాయానికి వారసులమని చెప్పుకునే మనం, పెళ్లి గురించి ఈ దేశంలో ఇటీవల జరిగిన అతి పెద్ద వివాదం పట్ల దాదాపు మౌనంగా ఉండిపోయాం. స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఉండాలా వద్దా అన్నదే ఆ వివాదం. మన మౌనానికి మూలమేమిటి, అది ఎవరికి ఉపకరిస్తోంది అన్నది పరిశీలించవలసిన అవసరం ఉంది.

ముందు వాస్తవాలు చూద్దాం. స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. నేరం కాదన్నంత మాత్రాన అది కుటుంబం కాలేదు. హైదరాబాదు వాసులైన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబరులో బంధుమిత్రుల సమక్షంలో వేడుక చేసుకున్నారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం తమకూ వర్తించాలని 2022 నవంబరులో సుప్రీంకోర్టుకు వెళ్లారు. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2023 అక్టోబరు 17న తీర్పు ఇచ్చింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదనీ, చట్టం మార్చడం పార్లమెంటు పని అనీ అయిదుగురూ అన్నారు. కనీసం సహజీవన బంధానికైనా చట్టపరమైన గుర్తింపు ఉండాలన్న వాదం 3–2తో వీగిపోయింది. పునఃపరిశీలన పిటిషన్లు కూడా 2025 జనవరిలో కొట్టివేయబడ్డాయి.

ఈ కేసులో మన రాష్ట్రం పాత్ర మనల్ని సిగ్గుపడేట్టు చేయాలి. 2023లో కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగితే, జవాబిచ్చిన ఏడు రాష్ట్రాల్లో రాజస్థాన్, అస్సాంతో పాటు ఆంధ్రప్రదేశ్ కూడా వ్యతిరేకించింది. వివిధ మతాల పెద్దలను సంప్రదించామనీ, వారందరూ వద్దన్నారనీ ప్రభుత్వం చెప్పింది. వీరేశలింగం పుట్టిన నేలలో ఎవరు ఎవరితో కాపురం చెయ్యాలో తేల్చడానికి ప్రభుత్వానికి మతపెద్దలే గుర్తొచ్చారు. రచయితలను ఎందుకు అడగలేదని నిలదీద్దామంటే, మనం అడగదగినంత గట్టిగా ఎప్పుడు మాట్లాడాం?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల రచయిత మిత్రులతో ఈ ప్రస్తావన తెస్తే రెండు జవాబులు వినిపిస్తాయి. రెండూ ప్రగతిశీల పరిభాషలోనే ఉంటాయి గనుక వాటిని పరీక్షించక తప్పదు.

పెళ్లే భూస్వామ్య, బూర్జువా ఆస్తి సంబంధాల సృష్టి అయినప్పుడు అందులోకి కొత్తగా మరికొందరిని పంపడమెందుకు అన్నది మొదటిది. ఎంగెల్స్ 1884లో కుటుంబం పుట్టుక గురించి రాసిన గ్రంథాన్ని ఈ మిత్రులు సాక్ష్యం తెస్తారు. విశ్లేషణ సరైనదే. దాని నుంచి తీసిన నిర్ణయమే తప్పు. పెళ్లి లోపలివాళ్లు దాన్ని విమర్శించవచ్చు, తిరస్కరించవచ్చు. గుమ్మం దగ్గరే ఆపివేయబడినవాడికి తిరస్కరించే అవకాశమైనా లేదు. లేని హక్కును వదులుకోమని ఒకరికి ఉపదేశించడం విప్లవం అనిపించుకోదు. వితంతువుకు పెళ్లి దేనికి, అది ఎలాగూ స్త్రీకి బానిసత్వమే కదా అని వీరేశలింగం అనలేదు. ఆ చరిత్రలో మరో పాఠం కూడా ఉంది. వితంతు వివాహ చట్టం 1856లోనే వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. నడుమ పాతికేళ్లు చట్టముంది, సాహసించే జంట లేదు. ఆ ఖాళీని పూడ్చింది పత్రికలు, ఉపన్యాసాలు, ప్రహసనాలు – అంటే రచయితలే. నేటి స్థితి తలకిందులు. జంటలున్నాయి, చట్టం లేదు. రచయిత బాధ్యత మాత్రం మారలేదు.

కుప్పం మిత్రులకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. సరిహద్దు దాటితే తమిళనాడు. పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాలు చెల్లవని ఒకప్పుడు మద్రాసు హైకోర్టు అంది. అయినా ఆ పెళ్లిళ్లు ఆగలేదు. చివరికి 1967లో అన్నాదురై ప్రభుత్వం చట్టాన్నే సవరించి, అంతకు ముందు జరిగినవాటికి కూడా చెల్లుబాటు కల్పించింది. మనవాళ్లూ దండల పెళ్లిళ్లు చేసుకున్నారు. మంత్రం వద్దన్నారే తప్ప రిజిస్ట్రారు సంతకం వద్దనలేదు. ఆ సంతకం విలువ మనకు తెలుసు.

ఇది పట్నపు పైవర్గాల కోరిక, శ్రామికుడికి సంబంధం లేదన్నది రెండో జవాబు. సుప్రీంకోర్టులో కేంద్ర ప్రభుత్వం దాఖలు చేసిన వాదన కూడా సరిగ్గా ఇదేనన్న సంగతి ఈ మిత్రులు గమనించాలి. డబ్బున్నవాడు వీలునామా రాసుకుంటాడు, వకీలును పెట్టుకుంటాడు. చట్టం గుర్తింపు ఎక్కువ అవసరమయ్యేది లేనివాడికే. రేషను కార్డులో పేరు, ఆస్పత్రిలో సంతకం, ప్రావిడెంటు ఫండు నామినేషను, కుటుంబ పింఛను – ఇవన్నీ 'కుటుంబం' అన్న ఒక్క మాట మీద ఆధారపడినవి. రేషను కార్డు విషయంలో ఇటువంటి జంటను ఒకే ఇంటివారిగా చూడమని కేంద్రమే 2024లో రాష్ట్రాలకు రాసిందంటే, ఇది పైవర్గాల గొడవ ఎలా అవుతుంది? అదే ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఒక యువతి వచ్చింది. తన సహచరిని ఆమె తండ్రి నిర్బంధించాడని ఫిర్యాదు. మేజరైన ఆమె తన ఇష్టప్రకారం సహచరితో జీవించవచ్చనీ, తల్లిదండ్రులు జోక్యం చేసుకోరాదనీ కోర్టు ఆదేశించింది. కులాంతర వివాహాల్లో మనం చూసిన తండ్రి, తలుపు, తాళమే ఇక్కడా ఉన్నాయి. అక్కడ ఆవేశంగా కథలు రాసిన మన కలం ఇక్కడ ఎందుకు ఆగింది?

సోషలిస్టు దేశాల అనుభవాన్ని అడిగేవారికి క్యూబా ఉంది. 1960లలో స్వలింగ ప్రియులను శ్రమ శిబిరాలకు పంపిన దేశమది. ఆ అన్యాయానికి ఫిడెల్ కాస్ట్రో 2010లో బాధ్యత వహించాడు. 2022 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా ఆ దేశం స్వలింగ వివాహాన్ని ఆమోదించింది. ఇక్కడ సి.పి.ఐ.(ఎం) 2019 ఎన్నికల ప్రణాళికలోనే ఇటువంటి జంటలకు చట్ట రక్షణ కోరింది. ప్రణాళికలోకి వచ్చిన విషయం కథలోకి రావడానికి అడ్డేమిటి?

సాహిత్యం సంగతికొస్తే, తెలుగు పాఠకుడికి ఈ జీవితాన్ని లోపలి నుంచి బలంగా చూపిన పుస్తకం అనువాదంగా వచ్చింది. రేవతి ఆత్మకథను పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలిగించారు. దానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం లభించింది. పక్కనే కన్నడంలో వసుధేంద్ర 'మోహనస్వామి' కథలు రాశారు. మూడు భాషలు కలిసే సీమలో ఉండి మనం ఇరుగు పొరుగుల నుంచి అరువు తెచ్చుకోవడమేనా? తిరుపతి గంగమ్మ జాతరలో మగవాడు చీర కడితే మొక్కు అంటాం, చేతులు జోడిస్తాం. జాతర ముగిశాక కూడా అతడు చీర విప్పకపోతే వెలి వేస్తాం. మన జనప్రియ సాహిత్యమూ సినిమా చేసింది ఈ వెలికి నవ్వును జోడించడమే. సానుభూతిపరులు రాస్తే తరచు చివర ఆత్మహత్య ఉంటుంది. వెక్కిరింతా జాలీ రెండూ ఆ మనిషిని కాపురానికి దూరంగానే నిలబెడతాయి. మనకు కావలసిన వాస్తవికత వేరు. ఇల్లు అద్దెకు దొరకని జంట, జీతంలో సగం ఊరికి పంపే కొడుకు, పండక్కి ఒంటరిగా రమ్మనే తల్లి – వీటిని రాయాలి.

పెళ్లి హక్కు వస్తే సమస్యలన్నీ తీరిపోతాయని ఎవరూ అనరు. కులం ఆ పందిట్లోకీ వస్తుంది. ఆస్తి తగాదా ఆ ఇంట్లోనూ పుడుతుంది. అప్పుడు వాటినీ విమర్శిద్దాం. పెళ్లి ఒక్కటే కుటుంబానికి పునాది కాదని 2025 మేలో మద్రాసు హైకోర్టు అన్న మాటనూ చర్చిద్దాం. అయితే, లోపలున్నవారితో సమానంగా బయటివారికి తలుపు తెరిచిన తరువాతే ఆ విమర్శకు నిజాయితీ వస్తుంది. చట్టం మార్చవలసింది పార్లమెంటు అని కోర్టు చెప్పింది. పార్లమెంటును కదిలించవలసింది ప్రజాభిప్రాయం. దాన్ని మతపెద్దలకు వదిలేస్తామా, మనమూ చేయి వేస్తామా అన్నది ఇక రచయితలే తేల్చుకోవాలి.