ఐసు ముందు చెరువు గట్టుకు రావాలి

బెల్లంపల్లిలో కొర్రమట్టను నీళ్ల తొట్టిలో ప్రాణంతో అమ్ముతారు. పక్కనే పరిచిన బొచ్చె, రవ్వలను మాత్రం మొప్పలెత్తి, వేలితో నొక్కి చూసి కొంటారు. కొర్రమట్ట పైకొచ్చి గాలి పీల్చుకునే చేప కాబట్టి తడి ఉంటే చాలు, గంటల తరబడి బతుకుతుంది. బొచ్చెకు ఆ వీలు లేదు. నీళ్లలోంచి తీసిన కాసేపటికే చస్తుంది, చెడటం అప్పుడే మొదలవుతుంది. 2016-17 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. ఎల్లంపల్లి రిజర్వాయర్ ఉండనే ఉంది. చేపను పెంచడానికీ పట్టడానికీ ఇంత చేశాక, పట్టిన మొదటి గంటను మాత్రం ఎండకు వదిలేస్తున్నాం.

ఆ గంటే అన్నింటికన్నా ముఖ్యమని నా వాదన. వలలో చాలాసేపు గింజుకున్న చేప కండలోని శక్తిని అక్కడే ఖర్చు చేసుకుంటుంది. అది తొందరగా బిర్రబిగుస్తుంది, తొందరగా మెత్తబడుతుంది. జపాన్‌లో చేప చేతికందగానే మెదడులో మేకు గుచ్చి, నెత్తురు కార్చే 'ఇకెజిమె' పద్ధతి అందుకే పుట్టింది. ఈటెతో వేటాడేవాళ్లు కూడా పొడిచిన చేపను గింజుకోనివ్వకుండా వెంటనే చంపుతారు. వలకు పడ్డ వందల చేపలకు అది కుదరదు, ఐసు కుదురుతుంది. మొప్పల్లో, పేగుల్లో ఉన్న సూక్ష్మజీవులు మన మే నెల ఎండలో విజృంభిస్తాయి, సున్నా డిగ్రీల దగ్గర చాలా నెమ్మదిస్తాయి. మన వేడికి కిలో చేపకు కిలో ఐసు కావాలి. అడుగున ఒక వరస, చేపల మధ్య ఒక వరస, పైన ఇంకొకటి వేసి, కరిగిన నీళ్లు బయటికి పోనివ్వాలి. గోనెసంచిలో కుక్కితే అడుగు చేపలు నలిగి, పైవాటి కంటే ముందే పాడవుతాయి.

ఐసు చేపంటే పాతదని జనం నమ్ముతారు కదా అంటారు. ఆ నమ్మకం ఊరికే రాలేదు. సగం చెడ్డాక ఐసు వేయడం వల్ల వచ్చింది. చెడిన చేపను ఐసు బాగుచేయలేదు, బాగున్నదాన్ని అలాగే నిలుపుతుంది. 2018లో చేపలు చెడకుండా ఫార్మాలిన్ అనే మందు కొడుతున్నారన్న భయంతో అస్సాం ఆంధ్ర చేపలను కొన్నాళ్లు ఆపేసింది. చేపకు మందు కొట్టారేమోనన్న అనుమానం పోవాలన్నా గట్టు మీదే, మంచినీళ్ల ఐసులో పెట్టడమే దారి. ఖర్చు మాటా నిజమే, చిన్న బెస్తకు అది భారమే. కానీ సాయంత్రానికి మిగిలిన చేపను సగం ధరకు వదిలేసుకోవడం అంతకన్నా పెద్ద నష్టం. పైగా మత్స్యకారుల సొసైటీకి వల దించే రోజు ముందే తెలుసు. అందరూ కలిసి ముందురోజే ఐసు దిమ్మెలు చెప్పుకుంటే, ఒక్కొక్కరి మీద పడే ఖర్చు తగ్గుతుంది.