పదమూడో రౌండు, ఆఖరి సర్కిలు

2024 జూన్ 28 నుంచి 30 దాకా హైదరాబాద్ హైటెక్స్‌లో బీజీఐఎస్ ఫైనల్స్ జరిగాయి. బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా (బీజీఎంఐ)కి, అంటే మన పిల్లలు ఇప్పటికీ పబ్‌జీ అనే పిలిచే ఆటకి, దేశంలో పెద్ద పోటీ అదే. బహుమతి మొత్తం 2 కోట్లు. గెలిచింది టీమ్ ఎక్స్‌స్పార్క్. మధ్య రోజు శనివారం రాత్రే బార్బడోస్‌లో మనవాళ్లు టీ20 ప్రపంచకప్ గెలిచారు కాబట్టి, ఆదివారం ఊళ్లో హైటెక్స్ మాట ఎత్తినవాడు లేడు. ఏడాది తిరిగేసరికి, 2025 జూన్ 22న, అమెరికాలోని ఆస్టిన్‌లో కౌంటర్ స్ట్రైక్ ఆటకి పెద్ద పోటీ అయిన మేజర్ ఫైనల్. ఒకవైపు ఫ్రాన్స్ సంస్థ వైటాలిటీ, ఇంకోవైపు మంగోలియా జట్టు ద మంగోల్జ్. ఆ మాట అసలే ఎవరూ ఎత్తలేదు. రెండింటినీ నేను పల్నాడు జిల్లా నాదెండ్లలో, ఒకే ఫోన్లో చూశాను.

రెండూ తుపాకుల ఆటలే, రెండూ జట్లుగా ఆడేవే. అయినా చూపరి కంటికి రెండూ ఒకే జాతివి కావు. నా తీర్పు ముందే చెప్పేస్తాను: చూడ్డానికి మేజరే గొప్పది, అదీ చిన్న తేడాతో కాదు. కానీ మన ఊరి ఆట అది కాదు. మనదైన ఆటలో చూపరికి జరుగుతున్న అన్యాయం గురించి మాట్లాడాలంటే ముందు ఆ మేజర్ ఎందుకు బాగుంటుందో తేల్చుకోవాలి.

కౌంటర్ స్ట్రైక్‌లో అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. ఒక జట్టు బాంబు పెట్టాలి, రెండోది ఆపాలి. ఒక్కో రౌండుకి ఒక నిమిషం 55 సెకన్లు. బాంబు పెట్టేస్తే మరో 40 సెకన్లలో పేలుతుంది, ఆలోగా నిర్వీర్యం చేయాలి. ముందుగా 13 రౌండ్లు గెలిచినవాళ్లదే ఆ మ్యాప్. చచ్చినవాడు ఆ రౌండు అయ్యేదాకా కూర్చోవాల్సిందే. తెర మీద ఎప్పుడు చూసినా ఎవరు బతికున్నారు, ఎన్ని సెకన్లున్నాయి, స్కోరెంత అన్నది చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది.

అయితే ఈ ఆటని నిలబెట్టింది తుపాకీ కాదు, డబ్బు. మొదటి రౌండులో తలా 800 డాలర్లు చేతిలో ఉంటాయి, ఆటలో డబ్బే అనుకోండి. ఏకే-47 కొనాలంటే 2,700 కావాలి. దూరం నుంచి ఒక్క దెబ్బకి పడగొట్టే ఏడబ్ల్యూపీ కావాలంటే 4,750. చచ్చినవాడి తుపాకీ పోతుంది, మళ్లీ కొనుక్కోవాలి. వరసగా ఓడుతున్న జట్టుకి ఆట కొంచెం కొంచెం ఎక్కువ సాయం చేస్తుంది గానీ, ఆ సాయంతో పూర్తి సరంజామా రాదు. అందుకే ఒక్కోసారి జట్టంతా ఖర్చు మానుకుని, ఈ రౌండు పోతే పోనీ అని చేతిలో చిన్న పిస్టల్‌తో దిగుతుంది. దాన్నే ఈకో అంటారు. ఆ పిస్టల్ జట్టే అనుకోకుండా రౌండు కొట్టేసిందా, ఎదుటివాళ్ల లెక్కంతా తలకిందులు. మూడో రౌండులో చేసిన తప్పు ఏడో రౌండులో అప్పులా వచ్చి తలుపు తడుతుంది. పత్తి, మిర్చి వేసి బతికే ఊళ్లో ఈ లెక్క ఎవరికీ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు.

దీనికి సాక్ష్యంగా నేనెప్పుడూ చూపించేది 2018 జనవరి 28 నాటి బోస్టన్ మేజర్ ఫైనల్. అప్పట్లో మ్యాప్ గెలవాలంటే 16 రౌండ్లు. చెరో మ్యాప్ అయ్యాక మూడోది ఇన్ఫెర్నో. ఫేజ్ జట్టు 15–11తో ముందుంది, ఒక్క రౌండు చాలు. క్లౌడ్9 వరసగా నాలుగు కొట్టి 15–15 చేసింది. తర్వాత రెండు ఓవర్‌టైములు. చివరికి 22–19తో క్లౌడ్9 గెలిచింది. ఆ నాలుగు రౌండ్లలో ప్రతిదీ ఫేజ్‌కి కప్పు అందివస్తున్నట్టే మొదలైంది. ఆ ఉత్కంఠ వ్యాఖ్యాత గొంతు చించుకోవడం వల్ల పుట్టలేదు. నియమంలోనే ఉంది.

ఇప్పుడు హైటెక్స్‌కి వద్దాం. పదహారు జట్లు, జట్టుకి నలుగురు, మొత్తం 64 మంది. ఎరాంగెల్ మ్యాప్ అయితే ఎనిమిది కిలోమీటర్ల పొడవు, ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు. విమానంలోంచి దూకుతారు, దొరికింది ఏరుకుంటారు, జోన్, అంటే సర్కిలు, ముడుచుకుంటూ వస్తుంటే లోపలికి పరుగెడతారు. అరగంట ఆటలో మొదటి పావుగంట ఎక్కువగా ఏరుకోవడమే. తర్వాత ఒకేసారి నాలుగు చోట్ల కాల్పులు మొదలవుతాయి. కెమెరా ఒక్కచోటే ఉంటుంది. దర్శకుడు ఒక ఇంటి మేడ మీద ఇద్దరి కొట్లాట చూపిస్తుంటే, పక్క కొండ వెనక ఓ జట్టు జట్టంతా తుడిచిపెట్టుకుపోయి ఉంటుంది. మనకి ఆ సంగతి తెర కుడిపక్కన పేర్లు మసకబారాకే తెలుస్తుంది. నా పక్కన కూర్చున్న డిగ్రీ కుర్రాడు మూడు రోజులూ ఒకే ప్రశ్న వేశాడు: "అన్నా, మనోళ్లు ఎక్కడున్నారో చూపించరేంటి?" ఆటని రోజుకి నాలుగు గంటలు ఆడేవాడికే దారి తెలియకపోతే, కొత్తగా చూసేవాడి సంగతేంటి?

పల్నాటి యుద్ధాన్ని తలుచుకునే మా కారంపూడి వీరుల ఉత్సవాల్లో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు. కోడిపోరు నాడు ఎవరి పుంజు ఓడుతుందో, ఆ ఓటమితో బ్రహ్మనాయుడి వర్గం ఏడేళ్లు ఊరు విడిచిపోవాల్సి వస్తుందని కూడా వచ్చిన జనానికి ముందే తెలుసు. అయినా వస్తారు. బరి ఒకటే, పుంజులు రెండే, చుట్టూ నిలబడ్డ ప్రతివాడికీ అంతా కనపడుతుంది. మేజర్ ఆ బరి పద్ధతి. బీజీఐఎస్ పదహారు పుంజుల్ని ఓ అడవిలోకి వదిలి, ఒక్క చెట్టు మీద ఒక్క మనిషిని కూర్చోబెట్టి కథ చెప్పమన్నట్టు ఉంటుంది.

ఇది నిర్మాణంలో ఇబ్బంది, దీన్ని కెమెరా పనితనంతో కొంతవరకే సర్దుకోగలం. అసలు గాయం పాయింట్ల దగ్గరుంది. మ్యాచ్ గెలిచిన జట్టుకి 10, రెండో స్థానానికి 6, మూడుకి 5, తర్వాత 4, 3, 2, ఏడు ఎనిమిది స్థానాలకి ఒక్కోటి. పడగొట్టిన ప్రతి మనిషికీ ఇంకో పాయింటు. అంటే ఎవర్నీ తాకకుండా దాక్కుని మూడో స్థానం దాకా వచ్చిన జట్టుకి 5 వస్తే, ఎనిమిదిలోపైనా చేరకుండా ఏడుగుర్ని లేపి చచ్చిన జట్టుకి 7 వస్తాయి. ఇందులో తప్పేం లేదు, దాక్కోవడాన్ని ప్రోత్సహించకూడదుగా. చిక్కల్లా ఏమిటంటే, మూడు రోజుల మ్యాచులన్నిటి పాయింట్లూ ఒకే పట్టికలో కూడతారు. ఆఖరి మ్యాచ్, ఆఖరి సర్కిలు, నలుగురు మిగిలారు, గుండెలు దడదడలాడుతున్నాయి. కానీ కప్పు ఆ నలుగురిలో ఎవరిదీ కాకపోవచ్చు. ఇరవై నిమిషాల కిందటే చచ్చి హెడ్‌ఫోన్లు తీసేసి కూర్చున్న జట్టుదే కావచ్చు. చూపరి కళ్లు ఒకచోట, కప్పు ఇంకోచోట. ఆటకి ఇంతకంటే పెద్ద శాపం ఉందా?

మందు లేదని కాదు. ఇదే తరహా ఆట ఎపెక్స్ లెజెండ్స్ తన ప్రపంచ పోటీల ఫైనల్స్‌లో మ్యాచ్ పాయింట్ పద్ధతి పెట్టుకుంది. ముందు నిర్ణీత పాయింట్లు చేరాలి, చేరాక ఒక మ్యాచ్ గెలవాలి. గెలిచిన క్షణమే కప్పు. దాంతో ఆఖరి సర్కిలుకీ ఆఖరి ఫలితానికీ మళ్లీ ముడి పడింది.

ఇంతవరకూ మేజర్‌ని నెత్తినెట్టుకున్నాను. ఇక్కడ పేచీ పెట్టాల్సిందీ దాని మీదే. నాదెండ్లలో ఎవరు ఆడతారు దాన్ని? ఆట ఉచితమే, కంప్యూటర్ ఉచితం కాదు. మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్, వేగంగా మారే మానిటరు, తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్టు, కరెంటు పోతే ఆగిపోకుండా యూపీఎస్. ఇవన్నీ కలిపితే చాలా ఇళ్లలో ఒక కారు పత్తి పెట్టుబడి. రెండు వేల దశకంలో గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ హాస్టళ్లలో ల్యాన్ కేబుల్ లాక్కుని కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడిన తరం ఒకటుంది. డస్ట్ 2 మ్యాప్‌లో ఏ సందు ఎటు పోతుందో వాళ్లు ఇప్పటికీ కళ్లు మూసుకుని చెబుతారు. ఆ తరం ఉద్యోగాల్లోకి పోయింది, వెనక వచ్చినవాళ్లకి కేబుల్ అక్కర్లేకపోయింది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, 2018లో పబ్‌జీ మొబైల్ వచ్చింది. ఏడాది తిరక్కుండానే, 2019 మార్చి 10న, గచ్చిబౌలి స్టేడియంలో కోటి రూపాయల పబ్‌జీ మొబైల్ ఇండియా సిరీస్ ఫైనల్. మోర్టల్ అని అందరూ పిలిచే నమన్ మాథుర్ జట్టు సోల్ గెలిచి 30 లక్షలు పట్టుకెళ్లింది. నరసరావుపేట, పిడుగురాళ్ల మీదుగా బస్సెక్కి పోయి చూసొచ్చే దూరంలో అంత పెద్ద ఆట జరగడం మన కుర్రాళ్లకి అదే మొదలు. ఆస్టిన్ వీళ్లకి ఎప్పటికీ తెర మీది ఊరే.

అంతే కాదు, బీజీఐఎస్ కింది గుమ్మం చాలా వెడల్పు. ఫోనుండి, నలుగురు స్నేహితులుంటే పేరు నమోదు చేసుకుని తొలి దశ ఆడొచ్చు. చేను గట్టు మీద కూర్చునే జాతీయ పోటీలో మొదటి మెట్టు ఎక్కొచ్చు. ఆ మెట్టు తర్వాతది ఎంత నిటారుగా ఉంటుందన్నది వేరే సంగతి. సంస్థలు జీతాలిచ్చి, బూట్‌క్యాంప్ అద్దె ఇళ్లలో పెట్టి తయారుచేసిన జట్లే ఫైనల్స్‌లో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

మరి ఆ గుమ్మం ఎవరిది? ఇక్కడే రెండు పోటీల మధ్య తేడా నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. కౌంటర్ స్ట్రైక్ తయారుచేసింది వాల్వ్. మేజర్ నిర్వహణని మాత్రం ఈఎస్ఎల్, పీజీఎల్, బ్లాస్ట్, స్టార్‌లాడర్ లాంటి బయటి సంస్థలకి అప్పగిస్తుంది. ఏడాది పొడుగునా జరిగే ఇతర పోటీల ఫలితాల మీద ర్యాంకులు, ర్యాంకుల మీద ఆహ్వానాలు. ఒకడు మూసేస్తే ఇంకొకడు తెరుస్తాడు. మన ఆట అలా కాదు. ఆటా క్రాఫ్టన్ సంస్థదే, పెద్ద పోటీలూ క్రాఫ్టన్‌వే. పైన ప్రభుత్వం. 2020 సెప్టెంబర్ 2న గల్వాన్ ఘర్షణ తర్వాత నిషేధించిన 118 యాప్‌లలో పబ్‌జీ మొబైల్ పోయింది. 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో వచ్చింది. రక్తం ఆకుపచ్చ రంగులోకి మారింది, చంపడాన్ని ఫినిష్ అనడం మొదలైంది. 2022 జూలై 28న మళ్లీ స్టోర్లలోంచి మాయం. 2023 మేలో మళ్లీ ప్రత్యక్షం. పందొమ్మిదేళ్ల ఆటగాడికి పది నెలలంటే ఎంతో ఆలోచించండి. క్రికెట్టు బ్యాటు పది నెలలు దొరక్కపోతే ఏ అండర్-19 కుర్రాడు నిలబడతాడు?

ఆ మధ్యలోనే, 2022 డిసెంబర్ చివర్లో, కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ని క్రీడా మంత్రిత్వ శాఖ కిందికి తెచ్చింది. ఒక చేత్తో క్రీడ అన్నారు. అదే సమయానికి దేశంలో ఎంతోమంది ఆడే ఆట స్టోర్లో లేదు.

డబ్బు విషయంలో మాత్రం మేజర్‌ని వెనకేసుకురాలేను. 2023 పారిస్ మేజర్ పేరుతో ఆటలో అమ్మిన స్టిక్కర్ల మీద 11 కోట్ల డాలర్లు వచ్చాయని వాల్వే ప్రకటించింది, అందులో సగం ఆటగాళ్లకీ జట్లకీ వెళ్లింది. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ పక్కనే అదృష్టం మీద తెరుచుకునే పెట్టెలు, తుపాకీ రంగులు పెట్టి ఆడే జూదం సైట్లు కూడా ఉన్నాయి. 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని, పందేలని నిషేధించిన రాష్ట్రం మనది. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ని వాటి నుంచి విడదీసి చట్టం చేసింది. చట్టం గీసిన ఆ గీత మీద కౌంటర్ స్ట్రైక్ పెట్టెల్ని ఎటువైపు పెట్టాలో నన్నడిగితే, నేను బీజీఎంఐ పక్కన మాత్రం పెట్టను.

ఇక మంగోల్జ్. ఆస్టిన్‌లో వాళ్లు మొదటి మ్యాప్ గెలిచి, తర్వాత రెండూ పోగొట్టుకున్నారు. ఓడినా, మేజర్ ఫైనల్ దాకా వచ్చిన తొలి ఆసియా జట్టు వాళ్లదే. మంగోలియా జనాభా 35 లక్షల దరిదాపు. మన పల్నాడు జిల్లా ఒక్కటే 2011 లెక్కల్లో 20 లక్షలు దాటింది. పైగా అదే దేశపు ఐహెచ్‌సీ సంస్థ 2022 రియో మేజర్‌లో కౌంటర్ స్ట్రైక్ జట్టుని దింపింది, 2023 డిసెంబర్‌లో ఇస్తాంబుల్‌లో పబ్‌జీ మొబైల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఫోన్లోనూ కంప్యూటర్లోనూ. కాబట్టి మనకి జనం చాలకనో, వేళ్లలో చురుకు లేకనో కాదు. వాళ్ల ఆట ఎవరూ మధ్యలో లాక్కోలేదు, ర్యాంకు మెట్లు ఒక్కోటీ ఎక్కడానికి వాళ్లకి వరసగా కొన్నేళ్లు దొరికాయి.

అందుకే మేజర్‌ని అచ్చంగా తెచ్చి హైదరాబాద్‌లో నాటమని నేను అడగను. ఎరాంగెల్‌ని ఎవరూ బరి చేయలేరు. కానీ ఫైనల్స్ చివరి రోజైనా మ్యాచ్ పాయింట్ పెట్టొచ్చు. ఒకే కెమెరా ప్రవాహం బదులు యూట్యూబ్‌లో ఒక్కో జట్టుకి ఒక్కో ప్రవాహం ఇస్తే, ఎవడి జట్టుని వాడే వెంబడిస్తాడు. చూసేవాడి చేతిలో ఎలాగూ ఫోనే ఉంది, వేలు జరిపితే చాలు. వ్యాఖ్యానం మాత్రం తెలుగులో కావాలి. మూడు రోజులూ హైదరాబాద్‌లో జరిగిన పోటీని నా పక్కనున్న కుర్రాడు హిందీలో విన్నాడు, సగం అర్థమైంది, మిగతా సగం నన్నడిగాడు.