తరువాత ఏమి? స్వలింగ వివాహ చట్టము పిమ్మట వెలువడిన అంచనాలపై ఒక విమర్శ

ప్రవేశిక

2015 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు ఓబర్గఫెల్ కేసులో స్వలింగ వివాహమునకు దేశమంతట చట్టబద్ధత కల్పించింది. ఆనాటి నుండి క్రైస్తవ పత్రికలలోను ప్రసంగ వేదికలపైను ఒక ప్రశ్న మారుమ్రోగింది: తరువాత ఏమి? బహు వివాహమే అని అనేకులు జవాబిచ్చారు. పిల్లలు డల్లాస్‌లోను న్యూజెర్సీలోను స్థిరపడిన కుటుంబాలు మన సంఘాలలో ఉన్నాయి కనుక ఈ ప్రశ్న మన వద్దకు కూడ వచ్చింది. మేము కూడ ఆ యేడు ప్రసంగపీఠము నుండి ఆ జవాబే చెప్పాము. అయిదేళ్లలో జరుగునని గడువు కూడ పెట్టాము. ఇప్పటికి పదేళ్లు దాటాయి. ఆ అంచనాకు గల ఆధారమును, దాని ఫలితమును ఈ వ్యాసములో పరిశీలించగోరుతున్నాము. స్వలింగ వివాహమును గూర్చిన వాక్యబోధ ఇక్కడ చర్చాంశము కాదు.

1. అంచనాకు మూలము

ఈ అంచనాకు రెండు అసమ్మతి తీర్పులు ఆధారము. మొదటిది 2003లో లారెన్స్ కేసులో న్యాయమూర్తి స్కాలియా వ్రాసినది. మెజారిటీ వారి తర్కమును అంగీకరిస్తే స్వలింగ వివాహ నిషేధము నిలువదని ఆయన హెచ్చరించారు. అదే సంవత్సరము నవంబరులో మసాచుసెట్స్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానము అట్టి తీర్పునే ఇచ్చింది. 2004 మే 17న అక్కడ వివాహాలు మొదలైనాయి. మాట నెరవేరింది గనుక వాదనకు పరపతి పెరిగింది. అయితే స్కాలియా పట్టికలో ద్విభార్యాత్వము, వేశ్యావృత్తి నిషేధములు కూడ ఉన్నాయి. వాటిని ఆ న్యాయస్థానము కొట్టివేయలేదు. నెరవేరినదానిని లెక్కించి, నెరవేరనివాటిని మరచాము.

రెండవది 2015లో ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ వ్రాసినది. ఈ తీర్పులోని తర్కము బహు వివాహమునకు కూడ అంతే బలముగా వర్తిస్తుందని, ప్రపంచ సంస్కృతులలో దాని వేళ్లు మరింత లోతైనవని ఆయన చూపారు. అది తర్కమును గూర్చి సంధించిన ప్రశ్న. మన రచయితలు దానిని ప్రవచనముగా విన్నారు.

2. జరిగినదేమి?

నిష్పక్షముగా చెప్పాలంటే, అంచనా పూర్తిగా గాలిలో మేడ కాదు. గ్యాలప్ సర్వేలలో బహుభార్యాత్వము నైతికముగా అంగీకారయోగ్యమన్నవారు 2003లో 7 శాతము, 2020లో 20 శాతము. మసాచుసెట్స్‌లోని సోమర్విల్ నగరము 2020లో ఇద్దరికి మించినవారి గృహ భాగస్వామ్యమును గుర్తించింది. అదే యేడు యూటా రాష్ట్రము పెద్దల పరస్పర సమ్మతితో కూడిన బహుభార్యాత్వమును పెద్ద నేరముల జాబితా నుండి తొలగించి చిన్న ఉల్లంఘనగా మార్చింది. కాని అందుకు చట్టకర్తలు చెప్పిన కారణము గమనించదగినది. శిక్షకు భయపడి దాగియున్న కుటుంబాలలో హింసకు గురైన స్త్రీలు, పిల్లలు బయటికి వచ్చి ఫిర్యాదు చేయగలగాలని వారి ఉద్దేశము. ఓబర్గఫెల్ తర్కము అక్కడ ముఖ్య కారణము కాదు. 2022 డిసెంబరులో స్వలింగ వివాహములకు రక్షణనిచ్చిన కేంద్ర చట్టము కూడ ఇద్దరికి మించిన వివాహమును గుర్తించదు.

ఇంకొక సంగతి. ఒక మెట్టు దిగితే అన్ని మెట్లు దిగక తప్పదన్నారు. అయితే 2022 జూన్ 24న అదే సుప్రీంకోర్టు, 1973 నుండి ఉన్న గర్భస్రావ హక్కును రద్దుచేసింది. 2025 జూన్‌లో మైనర్లకు లింగమార్పిడి సంబంధ చికిత్సలను నిషేధించిన టెన్నెస్సీ చట్టమును సమర్థించింది. మెట్లు దిగేవారు ఎక్కగలరు కూడ.

3. లోపమెక్కడ?

తీర్పుల తర్కము నుండి సమాజపు నడకను చదువబోవుటే ఈ అంచనాల లోపము. మార్పు ముందు ఇంటిలో వస్తుంది, తరువాత కోర్టుకు వెళ్తుంది. తప్పు నిరూపించనక్కరలేని విడాకుల చట్టమును కాలిఫోర్నియా రాష్ట్రము 1969లో చేసింది, 1970లో అమలుపరచింది. వివాహమనేది ఇద్దరి ఇష్టమున్నంతకాలమే అనే భావము ఓబర్గఫెల్‌కు 45 ఏళ్ల ముందే చట్టములోనికి వచ్చింది.

ఆ దారినే చూస్తే మా అభిప్రాయములో రాబోయే పెద్ద మార్పు వివాహమునకు మరొక నిర్వచనము కాదు, వివాహమే అక్కరలేకపోవుట. ఇంగ్లండు, వేల్స్‌లలో 2021లో పుట్టిన శిశువులలో సగానికి మించినవారు వివాహము వెలుపల జన్మించారు. జపాన్‌లో 2020 జనగణన ప్రకారము 38 శాతము ఇండ్లలో ఒక్కరే నివసిస్తున్నారు. ఇది కూడ స్వలింగ వివాహపు ఫలితమే అని కొందరనవచ్చు. కాని ఆనాటికి జపాన్ జాతీయ చట్టము స్వలింగ వివాహమును గుర్తించనేలేదు. కారణము వేరొకచోట వెదకాలి.

ఈ మార్పును మనమెందుకు చూడలేదు? ఇందులో వేలెత్తి చూపుటకు బయటి వ్యక్తి లేడు. విడాకులు, ఒంటరితనము మన బల్లలమీదనే కూర్చున్నాయి. 2023 అక్టోబరు 17న మన సుప్రీంకోర్టు, హైదరాబాదు జంటతో సహా పలువురు వేసిన పిటిషన్లలో స్వలింగ వివాహ హక్కును నిరాకరించి, చట్టము చేయుట పార్లమెంటు పని అన్నది. దానిపై మాట్లాడిన మనము, 2001 సవరణ ద్వారా క్రైస్తవ దంపతులకు పరస్పర అంగీకార విడాకులు వచ్చిన సంగతిపై ఎన్ని ఆదివారములు బోధించాము? మత్తయి 19వ అధ్యాయములో ప్రభువు నడిగిన ప్రశ్న విడాకులను గూర్చినదే గదా.

ముగింపు

పలికిన మాట జరుగనప్పుడు దానిని ఎట్లు ఎంచవలెనో ద్వితీయోపదేశకాండము 18:22 బోధిస్తుంది. మేము చెప్పినది ప్రవచనము కాదు, అంచనా మాత్రమే అని తప్పించుకొనవచ్చు. కాని విన్నవారు దానిని ప్రసంగపీఠము నుండి విన్నారు. భయముతో విన్నారు. ఆ మాట తప్పినదని అదే పీఠము నుండి ఒప్పుకొనుట మా బాధ్యత. తీర్పు దేవుని ఇంటియొద్ద ఆరంభమగునను 1 పేతురు 4:17 బోధ మొదట బోధకునికే వర్తిస్తుంది.

ఇక కాపరులు చేయవలసిన పని చిన్నదిగా కనిపిస్తుంది. పెండ్లి ప్రకటన చదువుటకు ముందు ఆ ఇద్దరితో కూర్చొని మాట్లాడాలి. విడిపోయినవారి ఇంటి గుమ్మము మానకూడదు. ముప్పది అయిదేళ్ల అవివాహిత సహోదరిని ఆరాధన ముగిసిన వెంటనే ‘పెండ్లి ఎప్పుడమ్మా?’ అని అడుగుట ఆపి, ఆ మధ్యాహ్నము మన ఇంట భోజనమునకు పిలవాలి. తరువాత ఏమి వచ్చినా, ఒంటరిగా ఉన్నవారికి సంఘములో ఇల్లు దొరకాలి.