సాక్షి, సూచిక, మూలపాఠం: హదీసు విమర్శపై ఒక పరిశీలన

కడప జిల్లా జమ్మలమడుగు ప్రాంతంలోని పెద్దముడియం పేరు చరిత్ర గ్రంథాలు చదివే వారికి కొత్తది కాదు. తూర్పు చాళుక్యుల శాసనాలలో కనిపించే ముడివేము అగ్రహారం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. ఆ శాసనాలు చెప్పే కథ ఇది: అయోధ్య నుండి దక్షిణాదికి దండెత్తి వచ్చిన విజయాదిత్యుడనే రాజు త్రిలోచన పల్లవునితో పోరాడి మరణించాడు. గర్భవతియైన అతని రాణి ముడివేము చేరుకుంది. అక్కడ విష్ణుభట్ట సోమయాజి ఆమెను సొంత కూతురిలా కాపాడాడు. ఆమెకు పుట్టిన బిడ్డే విష్ణువర్ధనుడు, చాళుక్య వంశానికి మూలపురుషుడు.

కథ మనోహరంగానే ఉంది. కాని దీనిని చెబుతున్నది రాజరాజ నరేంద్రుని కోరుమెల్లి తామ్రశాసనం వంటి 11వ శతాబ్దపు శాసనాలు. కుబ్జ విష్ణువర్ధనుడు వేంగిలో రాజ్యం స్థాపించిందే క్రీ.శ. 624 ప్రాంతంలో. కథలోని విష్ణువర్ధనుడు అతనికి కూడా పూర్వీకుడు. అంటే సంఘటనకూ, దానిని రాగిరేకుపై చెక్కిన చేతికీ మధ్య సుమారు 500 సంవత్సరాల ఎడం ఉంది. ఈ మధ్యకాలంలో ఎవరి నుండి ఎవరు విన్నారో శాసనం చెప్పదు. వంశ ప్రశస్తిని వల్లించే తొలినాటి శాసనాలు ఈ కథ ఊసే ఎత్తవు. కనుకనే చరిత్రకారులు దీనిని ఐతిహ్యంగా మాత్రమే పరిగణించారు.

హదీసు శాస్త్రం చదివిన విద్యార్థి ఈ శాసనాన్ని చూస్తే మొట్టమొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "ఈ మాట నీకెవరు చెప్పారు?" ఈ చిన్న ప్రశ్న చుట్టూ మూడు వేర్వేరు విద్యలు అల్లుకుని ఉన్నాయి. న్యాయస్థానంలో సాక్షిని పరీక్షించే విద్య ఒకటి. చెదిరి ఉన్న సమాచారాన్ని వెతికి పట్టుకునేందుకు వీలుగా సూచికలు కూర్చే విద్య రెండవది. ప్రాచీన గ్రంథాల మూలపాఠాన్ని నిగ్గు తేల్చే విద్య మూడవది. నేటి విశ్వవిద్యాలయాలలో ఈ మూడూ మూడు శాఖలు. మన ముహద్దిసులకు మాత్రం ఇవి ఒకే పని. ఈ విషయం మరచిపోవడం వల్ల పాశ్చాత్య విమర్శకులు ఒక రకంగా, మనం మరొక రకంగా పొరబడుతున్నామన్నది ఈ వ్యాసంలో ప్రతిపాదించదలచిన అంశం.

బైబిల్ విమర్శ పద్ధతి

19వ శతాబ్దంలో జర్మన్ పండితులు బైబిల్‌ను ఒక సాహిత్య గ్రంథంగా విశ్లేషించసాగారు. వారిలో ప్రసిద్ధుడు యూలియస్ వెల్‌హౌజన్. 1878లో వెలువడిన తన గ్రంథంలో, హజ్రత్ మూసా (అలై) పేరిట ఉన్న పంచకాండాలు ఒకే కలం నుండి వచ్చినవి కావనీ, వేర్వేరు కాలాలకు చెందిన నాలుగు మూలాల కూర్పు అనీ వాదించాడు. అతని ఆధారాలన్నీ గ్రంథం లోపలివే: దేవునికి వాడిన పేర్లలో తేడా, ఒకే వృత్తాంతం రెండుసార్లు రావడం, ఆరాధనా విధులలో వైరుధ్యం. ఆ నాలుగు మూలాలు ఎలా విడదీయాలన్న విషయంలో ఆ తర్వాతి పండితులు ఎంతో విభేదించినా, కూర్పు జరిగిందన్న మాటను చాలామంది అంగీకరించారు.

ఈ విమర్శ పట్ల మన వైఖరిని ఒకసారి పరిశీలించుకోవాలి. 1854లో ఆగ్రాలో మౌలానా రహ్మతుల్లాహ్ కైరానవీ (రహ్మ) క్రైస్తవ మత ప్రచారకుడు ఫాండర్‌తో వాదించినప్పుడు, ఆపై 'ఇజ్హారుల్ హఖ్' రచించినప్పుడు, యూరపు విమర్శకుల మాటలనే ఆయుధాలుగా వాడారు. నాటి నుండి నేటి వరకు మన రచయితలు అదే దారిలో నడిచారు. అయితే అదే కత్తి హదీసుల మీదికి తిరిగినప్పుడు మాత్రం, ఇది శత్రువుల కుట్ర అని ఒక్క మాటతో తోసిపుచ్చుతున్నాం. పరుల గ్రంథానికి ఒక న్యాయం, మన గ్రంథానికి మరొక న్యాయం అన్నది విమర్శ అనిపించుకోదు. తేడా ఉంటే ఆ తేడా ఎక్కడుందో చూపించాలి.

తేడా ఉంది. పంచకాండాల పాఠాన్ని ఎవరి నుండి ఎవరు స్వీకరించారో చెప్పే పేర్ల వరుస వెల్‌హౌజన్ ముందు లేదు. సాక్షులు లేని కేసులో పరిస్థితులను బట్టి ఊహించడం తప్ప దారి లేదు. హదీసు విషయంలో ప్రతి మత్న్‌కు ముందు ఇస్నాద్ ఉంటుంది. చాలామంది సాక్షుల విషయంలో పేరు, ఊరు, గురువులు, శిష్యులు, మరణ సంవత్సరం, జ్ఞాపకశక్తిపై విమర్శకుల అభిప్రాయం నమోదై ఉంటాయి. అనామక గ్రంథం కోసం రూపొందిన పద్ధతిని పేర్లున్న సాక్షుల మీద యథాతథంగా ప్రయోగించడంలోనే చిక్కు ఉంది.

ముద్దాయి ఎవరు?

1890లో గోల్డ్‌జిహర్ వేసిన బాటలో నడిచి, 1950లో యోసెఫ్ షాఖ్త్ ఇస్లామీయ న్యాయశాస్త్ర మూలాలపై తన గ్రంథాన్ని ప్రకటించాడు. అతని ప్రధాన వాదాలు రెండు. తప్పక ఉదహరించవలసిన చర్చలో ఒక హదీసును ఎవరూ ఉదహరించలేదంటే, అప్పటికి ఆ హదీసు లేదన్నమాట. రెండవది, ఇస్నాద్ ఎంత పరిపూర్ణంగా ఉంటే అది అంత ఆలస్యంగా తయారైనదన్నమాట.

మొదటి వాదాన్ని పూర్తిగా కొట్టివేయలేము. ముడివేము కథ విషయంలో మనమూ మౌనాన్నే ఆధారంగా తీసుకున్నాం కదా! కాని అక్కడ మాట్లాడవలసిన చోట మౌనం ఉంది. వంశ కీర్తిని చాటడమే పనిగా గల శాసనం, వంశ మూలపురుషుని అద్భుత వృత్తాంతాన్ని విడిచిపెట్టడానికి కారణం కనిపించదు. కూఫాలోని ఒక ఫఖీహ్ మదీనాలో ప్రచారంలో ఉన్న హదీసును ఉదహరించకపోవడానికి కారణాలు అనేకం. అతనికి అది చేరకపోయి ఉండవచ్చు. చేరినా ఆ రావీని విశ్వసించకపోయి ఉండవచ్చు. అతని చర్చ మనకు సంక్షిప్తంగా మాత్రమే అంది ఉండవచ్చు.

ఇక్కడ మన న్యాయస్థానాల భాషలోని ఒక వింతను ప్రస్తావించడం అవసరం. అరబీలో 'ముద్దఈ' అంటే దావా వేసినవాడు. రుజువు చూపే భారం ముద్దఈదేనన్నది ఇస్లామీయ న్యాయంలో మూలసూత్రం. అదే మాట తెలుగులోకి వచ్చి 'ముద్దాయి' అయి, నేరం మోపబడినవాడు అనే అర్థాన్ని సంతరించుకుంది. షాఖ్త్ వాదంలోనూ అచ్చంగా ఇదే తారుమారు జరిగింది. ఫలానా హదీసు కల్పితమని దావా వేసినవాడు తానే. కాని రుజువు భారాన్ని రావీల నెత్తిన పెట్టి, వారిని తెలుగు అర్థంలో ముద్దాయిలుగా నిలబెట్టాడు. కల్పన జరగడానికి అవకాశం ఉందని చూపితే చాలు, కల్పన జరిగినట్లేనని తీర్పు చెప్పాడు. ఏ క్రిమినల్ కోర్టూ ఇంత సులభంగా శిక్ష వేయదు.

న్యాయవాదులు అడిగే మరొక ప్రశ్న ఉంది. వినికిడి సాక్ష్యం చెల్లదన్నది సాధారణ సూత్రం. స్టీఫెన్ రూపొందించిన 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉన్న ఆ సూత్రం, దాని స్థానంలో 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ కొనసాగుతున్నది. మరి ఒకరి నుండి ఒకరు విన్న హదీసు ఎలా చెల్లుతుంది? ఈ ప్రశ్న మన ఇమాములకు కొత్తది కాదు. ఇమాం షాఫిఈ (రహ్మ) 'అర్రిసాలా'లోనే షహాదత్‌కు, రివాయత్‌కు గల తేడాను చర్చించారు. ఇమాం ఖరాఫీ (రహ్మ) తన 'అల్‌ఫురూఖ్'ను ఈ భేదంతోనే ప్రారంభించారు. కోర్టులో సాక్ష్యం ఒక నిర్ణీత వ్యక్తికి లాభమో నష్టమో కలిగిస్తుంది. అందువల్ల అక్కడ శత్రుత్వం, బంధుత్వం వంటి అనుమానాలకు తావుంది. సాక్షుల సంఖ్యా నియమం అవసరమైంది. రివాయత్ మాత్రం సమాజమంతటికీ, చెప్పినవానికి కూడా వర్తించే విషయం. అందుకే అందులో స్త్రీ అయినా, బానిస అయినా, ఒక్కరే అయినా నమ్మదగినవారైతే వారి మాట స్వీకరించబడింది. కాని ఆ సడలింపుకు బదులుగా జర్హ్, తాదీల్ అనే కఠిన పరీక్ష వచ్చింది. కోర్టు సాక్షిని ఒక్క రోజు ప్రశ్నించి పంపివేస్తుంది. ముహద్దిసులు రావీని అతని మరణానంతరం కూడా ప్రశ్నిస్తూనే ఉన్నారు.

హైదరాబాదు ఇచ్చిన సమాధానం

షాఖ్త్ గ్రంథం వెలువడిన మూడేళ్లకు, 1953లో, హైదరాబాదుకు చెందిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (1908-2002) డమాస్కస్‌లో 'సహీఫా హమ్మామ్ బిన్ మునబ్బిహ్'ను ప్రకటించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) శిష్యుడైన హమ్మామ్ తన గురువు నుండి విని రాసుకున్న 138 హదీసుల సంపుటి ఇది. బెర్లిన్, డమాస్కస్‌లలోని రాతప్రతులను పోల్చి ఆయన దీనిని పరిష్కరించారు. ఇమాం అహ్మద్ (రహ్మ) ముస్నద్‌లో ఈ హదీసులు దాదాపు అన్నీ ఒకేచోట ఉన్నాయి. బుఖారీ, ముస్లింలలో అనేకం వేర్వేరు అధ్యాయాలలో చెదిరి ఉన్నాయి. పోల్చి చూస్తే మాటల తేడాలు స్వల్పం. భావం మారలేదు.

ఇది గొప్ప సేవ. అయితే మన వ్యాసాలలో దీని గురించి కొంత అతిశయోక్తి చోటు చేసుకుంది. దొరికిన రాతప్రతులు హమ్మామ్ చేతివ్రాతలు కావు, ఎన్నో శతాబ్దాల తర్వాతివి. హమ్మామ్ నుండి మఅమర్ (మరణం హి. 153), ఆయన నుండి అబ్దుర్రజ్జాఖ్ (మరణం హి. 211) అన్న ఇస్నాద్ మీదనే సహీఫా మనకు చేరింది. కాబట్టి అబ్దుర్రజ్జాఖ్ నాటి నుండి పాఠం చెక్కుచెదరలేదని ఇది గట్టిగా రుజువు చేస్తుంది. అంతకు వెనుకటి మెట్టుకు మళ్లీ సాక్షుల విశ్వసనీయతే ఆధారం. ఉత్తరప్రదేశ్‌లోని మవ్‌కు చెందిన డాక్టర్ ముస్తఫా ఆజమీ 1968లోను, 1985లోను షాఖ్త్‌కు ఇచ్చిన విస్తృత సమాధానాలలోనూ ఇటువంటి పరిమితే ఉంది. తొలి శతాబ్దంలోనే హదీసులు రాయబడ్డాయనడానికి ఆయన చూపిన ఆధారాలలో అధికభాగం రావీల చరిత్ర గ్రంథాల నుండి తీసుకున్నవి. ఆ గ్రంథాలనే శంకించే వ్యక్తికి అవి చాలవు.

ఈ కొరతను కొంతవరకు పూరించినవాడు ఒక జర్మన్ పండితుడే కావడం గమనార్హం. హరాల్డ్ మోట్స్కీ 1991లో అబ్దుర్రజ్జాఖ్ 'ముసన్నఫ్'ను పరిశీలించాడు. మక్కాకు చెందిన ఇబ్నె జురైజ్ తన గురువు అతా నుండి చెప్పిన రివాయతులలో, గురువు మాట తనకు సరిగా గుర్తు లేదని ఒప్పుకున్నవి, గురువుతో విభేదించినవి కనిపించాయి. కల్పించేవాడు తన సరుకును ఇలా తానే పాడుచేసుకోడు. ఇది పాత ముహద్దిసుల సాక్షి పరీక్షే. మౌలానా హబీబుర్రహ్మాన్ ఆజమీ (రహ్మ) 1970-72లో 11 సంపుటాల 'ముసన్నఫ్'ను పరిష్కరించి అచ్చు వేయించకపోతే ఈ పరీక్ష సాధ్యమయ్యేది కాదు.

సూచికల విలువ

దీనిని బట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. వాదనకన్నా ముందు వాదనకు కావలసిన సామగ్రి వెతుక్కునే వీలుతో అందుబాటులో ఉండాలి. 1888లో హైదరాబాదులో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ ఈ పనే చేసింది. ఇబ్నె హజర్ (రహ్మ) రచించిన 'తహ్జీబుత్తహ్జీబ్' 12 సంపుటాలు హి. 1325-27లో అక్కడే అచ్చయ్యాయి. ఇబ్నె అబీ హాతిం 'అల్‌జర్హ్ వత్తాదీల్' కూడా అక్కడి నుండే వచ్చింది. రావీల పేర్లను అక్షరక్రమంలో పేర్చి, ఒక్కొక్కరి గుణదోషాలు నమోదు చేసిన ఇవి నిజానికి సాక్షుల సూచికలు. మిజ్జీ (రహ్మ) 'తుహ్ఫతుల్ అష్రాఫ్' హదీసులను సహాబాల పేర్ల క్రమంలో చూపే సూచిక. అది మహారాష్ట్రలోని భివండీలో అచ్చయింది. 1936లో మొదటి సంపుటం వెలువడిన వెన్‌సింక్ పదసూచిక తొమ్మిది హదీసు గ్రంథాలకు సంబంధించినది. సూచికల సంపుటంతో అది పూర్తి కావడానికి 1988 వరకు పట్టింది.

ఇక మన తెలుగు సంగతి. ఎందరో అనువాదకుల కృషి ఫలితంగా హదీసు సంకలనాలు తెలుగులోకి వచ్చాయి. కాని మన కరపత్రాలలో, ప్రసంగ సంపుటాలలో 'హదీసులో ఉంది' అన్న రెండు మాటలతో సరిపెట్టడం నేటికీ చూస్తున్నాం. ఏ గ్రంథం, ఏ అధ్యాయం, ఏ రావీ అన్నది ఉండదు. ఈ తప్పు నేనూ చేశాను. విద్య కోసం చైనా వరకైనా వెళ్లాలన్న ప్రసిద్ధ వాక్యాన్ని ఒక ఉర్దూ పుస్తకం నుండి ప్రవక్త ప్రవచనంగా అనువదించి అచ్చుకిచ్చాను. తర్వాత వెతికితే, దాని సనదులు బలహీనమైనవని బైహఖీ (రహ్మ) చెప్పినట్లు, ఇబ్నుల్ జౌజీ (రహ్మ) దానిని కల్పిత హదీసులలో చేర్చినట్లు తెలిసింది. వాక్యం మంచిదే. విద్య విలువను చాటే దృఢమైన ఆధారాలు మనకు వేరే ఉన్నాయి. కాని దైవప్రవక్త (స) పలకని మాటను ఆయనకు అంటగట్టడం ఎంతటి పాపమో మదరసాలో మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలుసు. అరబీ తెలిసిన నేనే వెతకలేదు. తెలుగు మాత్రమే తెలిసిన పాఠకుడు ఎలా వెతకగలడు?

షాఖ్త్ సాక్షులందరినీ అనుమానించాడు. మనం సాక్షిని పిలవకుండానే తీర్పు రాస్తున్నాం. రెండూ న్యాయం కావు. వార్త తెచ్చినవానిని విచారించమని దివ్య ఖుర్ఆన్ అల్‌హుజురాత్ సూరా 6వ ఆయతులో ఆదేశించింది. ఆ ఆదేశం పాశ్చాత్య పండితునికన్నా ముందు మనకు వర్తిస్తుంది. కాబట్టి ఈ త్రైమాసిక పాఠకులకు, రచయితలకు నా మనవి: తెలుగులో ఏ హదీసును ఉదహరించినా గ్రంథం పేరు, సంఖ్య, దాని స్థాయి తప్పక ఇవ్వాలి. ఇప్పటికే తెలుగులో వచ్చిన సంకలనాలన్నింటికీ కలిపి విషయాల వారీగా, రావీల వారీగా ఒక సూచిక తయారు కావాలి. ప్రచారంలో ఉన్న నిరాధార రివాయతుల జాబితా ఒకటి వేరుగా రావాలి. ఇవి పేరు తెచ్చే పనులు కావు. కాని ఇవి లేనిదే విమర్శకు సమాధానమూ లేదు, విశ్వాసానికి రక్షణా లేదు.

సత్యాన్ని సత్యంగా గుర్తించి, విన్నదంతా చెప్పకుండా విచారించి చెప్పే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.